బావమరిది లెన్సులు, అత్తగారి వడియాలు

మా బావమరిది ఒక సెకండ్ హ్యాండ్ మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాడు. సోనీది, బాగానే ఉంది. దానికి మొహాలు బాగా వచ్చే లెన్సొకటి కావాలని గవర్నర్‌పేటలో ఒక షాపుకెళ్లి ధర అడిగి, వాళ్లు చెప్పిన అంకె విని "కెమెరాతో కలిపా అండీ?" అన్నాడట. కాదు బాబూ, ఒట్టి లెన్సుకే. ఇంటికొచ్చి రాత్రంతా ఫోను చూసి, పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా "బావా, మన తాతల కాలం లెన్సులు వాడుకోవచ్చు, నాలుగు వేలతో అయిపోతుంది" అని నన్ను లేపాడు.

వాడు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు, అదే ఈ కథలో బాధ. పాత ఎస్సెల్లార్ కెమెరాల లోపల ఒక అద్దం పైకీ కిందకీ ఆడుతుండేది కాబట్టి దానికి చోటు వదిలి లెన్సు ఫిల్ముకి ఎడంగా కూర్చునేది. ఎం42 అని మర తిప్పి బిగించే రకం ఉంది, దానికి ఆ ఎడం 45.46 మిల్లీమీటర్లు. (ఈ అంకె గుర్తుంచుకోండి, వడియాల దగ్గర దీంతో పనుంది.) సోనీ మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు గనక అదే ఎడం 18 మిల్లీమీటర్లు. మిగతా ఇరవై ఏడు చిల్లర మిల్లీమీటర్లు పూడ్చడానికి మధ్యలో ఒక బోలు రింగు పెడితే సరిపోతుంది, అడాప్టర్ అంటే అంతే, అందులో గాజు లేదు, చిప్పు లేదు, అందుకే అంత చవక. నికాన్ డీఎస్సెల్లార్ (అద్దం ఉన్న డిజిటల్ కెమెరా) ఉన్నవాళ్లకి మాత్రం ఈ యోగం లేదు. వాళ్లది 46.5, అంటే లెన్సు అడిగినదానికంటే ఇప్పటికే ఎక్కువ, కాబట్టి దూరంగా ఉన్నవేవీ ఫోకస్ కావు.

వాడు తెప్పించింది హీలియోస్ 44-2. సోవియట్ రష్యా సరుకు, ఎం42 మర రకమే, ఫోకల్ లెంత్ (ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే అంకె) 58 మిల్లీమీటర్లు, ఎఫ్/2 (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే కాంతి వచ్చే రంధ్రం అంత పెద్దది), జర్మన్ల జైస్ బయోటార్‌ని చూసి చేసినది. మా మామగారు విశాలాంధ్ర కొట్లో చవగ్గా దొరికిన రష్యన్ పుస్తకాలు చదువుకుంటూ పెరిగిన మనిషి, పార్సిల్ విప్పి చూసి చేత్తో బరువు తూచి "రష్యావాడు చేశాడంటే వందేళ్లుంటుంది" అని తీర్పిచ్చేశారు. వందేళ్ల మాటేమో గానీ లోపలి గ్రీజు మాత్రం అప్పటికే ముదిరిపోయి ఉంది. ఫోకస్ రింగు తిప్పాలంటే రెండు చేతులూ పంటి బిగువూ కావాలి.

మొదట కెమెరా దాన్ని లెన్సుగానే ఒప్పుకోలేదు, బటన్ నొక్కితే లెన్సు పెట్టలేదంటుంది. మెనూలో ఎక్కడో అడుగున "లెన్సు లేకపోయినా ఫోటో తియ్యి" అనే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే గానీ మాట వినదు. చేతులు వణికినా ఫోటో అదరకుండా చూసే ఏర్పాటుందే, దానికి కూడా ఇది 58 మిల్లీమీటర్ల లెన్సు అని మనమే చెప్పుకోవాలి. ఇవన్నీ నేర్చుకున్నాక వాడికి ధైర్యం వచ్చి, గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దత్తగారి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి "ఫోటోగ్రాఫర్ ఎందుకు, దండగ, నేనున్నాగా" అనేశాడు.

ఆటోఫోకస్ లేదంటే ఏమిటో బంధువులకి అక్కడే తెలిసింది. అమ్మాయిని కూర్చోబెట్టి, పక్కన అమ్మమ్మని నిలబెట్టి, "కదలకండి" అంటాడు. రింగు తిప్పుతాడు. "గాలి పీల్చకండి" అంటాడు. మళ్లీ తిప్పుతాడు. అక్షింతలు పట్టుకున్న చేతులు అలా గాల్లోనే ఉండిపోయాయి. పాపం వాడి తప్పు కాదు, ఎఫ్/2 దగ్గర ఒకటిన్నర మీటర్ల దూరంలో ఫోకస్ నిలిచే మందం అయిదు సెంటీమీటర్లు, మనిషి ఊపిరి తీసి వదిలితే అందులోంచి సగం జారిపోతాడు. రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8కి తిప్పుకుని, లెన్సు మీద చెక్కి ఉన్న దూరాల అంకె చూసుకుని నొక్కితే ఈ గొడవే లేదు, మా మామగారి తరం అలాగే తీశారు. ఆ మాటంటే "అలా తీస్తే వెనకాల పూలు సుడి తిరగవు బావా" అన్నాడు. హీలియోస్‌కి పేరు వచ్చిందే ఆ సుడికి. పూలు తిరుగుతాయి సరే, ఎదురుగా నిలబడ్డవాళ్లకి కళ్లు తిరిగే సంగతి ఎవడు పట్టించుకుంటాడు?

ఈలోపు పిన్నిగారొకావిడ వెనకనుంచి వచ్చి కెమెరా స్క్రీన్‌లోకి తొంగిచూసి "ఒరేయ్, అమ్మాయి మొహం మీద ఆ ఎర్ర గీతలేంట్రా?" అని గట్టిగా అరిచారు. అది పీకింగ్, ఫోకస్ కుదిరిన అంచుల్ని కెమెరా రంగు పూసి చూపిస్తుంది, ఫోటోలో రాదు. ఆ విషయం వాడు చెప్పేలోపే కెమెరాలో దిష్టి కనపడిందన్న మాట భోజనాల హాలు దాకా పోయింది. ఎవరో వెళ్లి ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చారు, ఆ ఘాటుకి అందరూ దగ్గుతూ ఉంటే ఇంక కదలకుండా ఉండమని ఎవరికి చెప్తాడు?

అసలు ఘట్టం హారతి దగ్గర జరిగింది. మంట అమ్మాయి కళ్లలో మెరిసే ఆ క్షణం కోసం కాచుకుని, ముదిరిన గ్రీజు మీద బలమంతా పెట్టి రింగు తిప్పాడు. మర లెన్సులతో చిక్కేమిటంటే, రింగు బిగిసిపోయి ఉంటే మనం తిప్పే బలానికి రింగు కాక లెన్సే మర ఊడి వస్తుంది. అలాగే వచ్చింది. ఎడం చేతిలో హీలియోస్, కుడి చేతిలో నోరు తెరుచుకున్న కెమెరా, గుప్పుమని కర్పూరం పొగ నేరుగా సెన్సర్ మీదికి. హారతి పట్టుకున్న ముత్తయిదువ ఒకావిడ "అయ్యో, విరిగిందా నాయనా" అన్నారు గానీ హారతి ఆపలేదు. ఆ ఒక్కటే ఆవేళ ఎవరూ ఆపకుండా జరిగిన పని.

ఫోటోలు కొన్ని నిజంగా బావున్నాయి, చెప్పాలిగా. ఒకదాంట్లో అమ్మాయి చెవి బుట్ట మీద ముత్యం ముత్యం లెక్కపెట్టొచ్చు. మొహం మాత్రం మంచులో ఉన్నట్టుంది. బంగారు కొట్టువాడికైతే పనికొస్తుంది. పెద్దత్తగారు మర్నాడు మామూలు ఫోటోగ్రాఫర్ని పిలిపించి, అందరికీ మళ్లీ అవే బట్టలు కట్టించి తీయించారు. మిగిలిందనుకున్న డబ్బు అలా పోయింది.

ఇంతటితో మానేస్తాడనుకున్నాం. మేలో సత్యనారాయణపురంలో అత్తగారింటికి వెళ్లేసరికి ఇంకోటి దిగింది, తకుమార్, ఇదీ ఎం42 రకమే, 50 మిల్లీమీటర్లు, ఎఫ్/1.4. ఇది జపాన్‌ది, రింగు వెన్నలా తిరుగుతోంది, కానీ అందులోంచి చూస్తే లోకమంతా టీ డికాషన్ రంగు. కాంతిని బాగా వంచాలని అప్పట్లో కొన్ని లెన్సుల గాజులో థోరియం కలిపేవాళ్లు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాజు పసుపెక్కుతుంది. అల్ట్రావయొలెట్ తగిలితే మళ్లీ తేటపడుతుంది. "ఎండలో పెడితే చాలు బావా, పైసా ఖర్చు లేదు" అన్నాడు. రోహిణి కార్తెలో బెజవాడలో ఎండకి కరువా!

మేడ మీద అప్పటికే అత్తగారు పాత నేత చీర పరిచి బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టి ఉన్నారు, మూడో ఎండ. కాకులు రాకుండా గొడుగొకటి తెరిచి పెట్టారు కాబట్టి లెన్సుకీ అక్కడైతే కాపలా ఉంటుందని, చీర మీదే రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టి, ఆ సందు మీద లెన్సుని ఆకాశం కేసి కూర్చోబెట్టి కిందకొచ్చేశాడు. అపెర్చర్, అదే ఆ రంధ్రం, పూర్తిగా తెరిచి, ఫోకస్ ఇన్ఫినిటీలో, అంటే బాగా దూరానికి పెట్టి. అడుగున అల్యూమినియం ఫాయిల్ వెయ్యాలని చదివాడట, కానీ ఇంట్లో ఉన్న చివరి ముక్కలో పులిహోర చుట్టేశారు.

ఇటుక ఎత్తు ఏడున్నర సెంటీమీటర్లు. సందులో ఉన్న వడియం ఎత్తు మూడు. తీసేస్తే ఎంతో చూసుకోండి. ఎఫ్/2తో ఓణీల ఫంక్షన్ అంతా దొరకని ఫోకస్, నెత్తిమీదికొచ్చిన సూర్యుడు మనిషి సాయం లేకుండా ఆ ఒక్క వడియం మీద పెట్టేశాడు.

భోజనాలు చేస్తుంటే కమ్మగా మినప్పిండి వేగిన వాసన. "వడియాలు వేయించావేంటే?" అని మామగారు కంచంలోంచి తల ఎత్తారు. అత్తగారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని మేడెక్కారు, వెనకే మేము. వడియం నడుమ రూపాయి బిళ్లలో సగమంత నల్లటి మచ్చ, దాంట్లోంచి సన్నగా పొగ. బావమరిది ముందు లెన్సు పక్కకి లాగేశాడు, అత్తగారు వడియం తీసుకున్నారు. విరిచి చూసి, "నూనె లేకుండా వేగిందిరా" అన్నారు, తిట్టారో మెచ్చుకున్నారో తెలియలేదు. మామగారు ఆ సగం నోట్లో వేసుకుని ఉప్పు సరిపోయిందన్నారు.

తర్వాత ఆవిడ లెన్సు చేతిలోకి తీసుకున్నారు. కొంగుతో పట్టుకోవాల్సొచ్చింది, అంత కాలుతోంది. ఆకాశం కేసి పెట్టి చూశారు, చీర మీద పెట్టి చూశారు, అలవాటు కొద్దీ బొటనవేలితో గాజుని ఒక నొక్కు నొక్కారు.

"ఇంకా పచ్చిగానే ఉంది. రెండెండలు పడాలి," అని దాన్ని తీసుకెళ్లి ఊరమిరపకాయల చాటలో పెట్టారు.