తేదీలు చూసుకుని చదవాల్సిన లింకన్

(విజయవాడలో ఒక ఇల్లు. సూర్యం రిటైరైన క్రిమినల్ లాయరు. మేనకోడలు వాసంతి డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది తలపడ్డ 1861-65 అంతర్యుద్ధంలో అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్. ఆయన ఉత్తరాలు, ఉపన్యాసాలు, ఉత్తర్వులు రాయ్ బాస్లర్ సంపాదకత్వంలో 1953లో ఎనిమిది సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటిలోంచి కొన్ని ఏరి విద్యార్థులచేత చదివించాలని ఆమె ఆలోచన. మావయ్యకు అది నచ్చలేదు.)

సూర్యం: యుద్ధంలో ఉన్న అధ్యక్షుణ్ని పిల్లలకు ఆదర్శంగా చూపించడమంటే నాకు భయం వాసంతీ. 1861 ఏప్రిల్ 27న, చట్టసభ సమావేశాల్లో లేనప్పుడు, ఫిలడెల్ఫియా నుంచి వాషింగ్టన్ దాకా, పట్టుకున్నవాణ్ని కోర్టు ముందు పెట్టమనే హెబియస్ కార్పస్‌ను నిలిపేయడానికి సైన్యానికి అధికారమిచ్చాడు. ఆ అధికారం అధ్యక్షుడిది కాదని ప్రధాన న్యాయమూర్తి టానీ, సైన్యం నిర్బంధించిన మెరీమన్ అనే అతని కేసులో చెప్పాడు. లింకన్ ఖాతరు చెయ్యలేదు. జులై 4న చట్టసభకు ఏం రాశాడు? ఒక్క చట్టం భంగమవుతుందని తక్కిన చట్టాలన్నీ మూలపడి, ప్రభుత్వమే ముక్కలైపోవాలా అన్నాడు. ఈ మాట నేను ఇంకోచోట కూడా విన్నాను. 1976 ఏప్రిల్ 28న మన సుప్రీం కోర్టు జబల్‌పూర్ కేసులో, ఎమర్జెన్సీలో నిర్బంధించినవాడు హెబియస్ కార్పస్ కోసం కోర్టుకు రావడానికి వీల్లేదని తీర్పిచ్చింది. కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కడే. అప్పటికి నేను నల్లకోటు వేసుకుని తిరుగుతున్నాను. కొడుకు ఏ జైల్లో ఉన్నాడో చెప్పమని వచ్చిన తల్లికి ఏం చెప్పాలో తెలియక తల వంచుకుని నిలబడ్డవాణ్ని.

వాసంతి: టానీ పేరెత్తావు కాబట్టి అడుగుతున్నాను. 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పు రాసింది ఆయనే కదా? నల్లవాళ్లు ఈ దేశపు పౌరులు కాలేరన్నది ఆయనే కదా?

సూర్యం: అయితే? మెరీమన్‌లో చెప్పిన న్యాయం దాంతో అన్యాయమైపోతుందా? మనిషి మంచివాడు కాదని చెప్పి అతని వాదన కొట్టెయ్యడం మా కోర్టుల్లో చెల్లదు.

వాసంతి: చెల్లదు, నిజమే. సూటిగానే చెబుతాను. చేసినదాన్ని లింకన్ దాచలేదు, చట్టసభ ముందు పెట్టి తేల్చమన్నాడు. 1863 మార్చిలో చట్టసభ చట్టం చేసి ఆ అధికారం ఇచ్చింది. అన్నిటికంటే ముఖ్యం, 1864 నవంబర్‌లో, దేశం రెండుగా చీలి కొట్టుకుంటున్నప్పుడు, ఎన్నిక జరిపించాడు. మన ఎమర్జెన్సీలో లోక్‌సభ గడువు పొడిగించారు.

సూర్యం: రెండుసార్లు పొడిగించారు. కానీ 1977లో ఎన్నికలు పెట్టి ఓడిపోయింది కూడా ఆ ప్రధానమంత్రే. ఎన్నిక పెట్టినంతమాత్రాన జైలు గోడల మధ్య జరిగింది చెరిగిపోదు. వలాండిగమ్ సంగతి చెప్పు. చట్టసభలో కూర్చుని దిగిన మనిషి. 1863 మేలో యుద్ధాన్ని విమర్శిస్తూ ఉపన్యాసమిచ్చినందుకు సైనికులు ఇంట్లోకి చొరబడి పట్టుకుపోయారు, సైనిక న్యాయస్థానం శిక్ష వేసింది. దానికి సమర్థనగా జూన్ 12న, నిరసన తెలిపిన ప్రతిపక్ష నాయకుడు కార్నింగ్‌కు లింకన్ రాసిన ఉత్తరం నీ ఆరో సంపుటంలోనే ఉంది. సైన్యం నుంచి పారిపోయిన అమాయకుణ్ని కాల్చాలి గానీ, పారిపొమ్మని ఎగదోసిన జిత్తులమారిని ముట్టుకోకూడదా అని అడిగాడు. జనం చప్పట్లు కొట్టే మాట. లాయరుగా నాకు ఒళ్లు జలదరించే మాట. 1866లో సుప్రీం కోర్టు మిలిగన్ కేసులో, మామూలు కోర్టులు నడుస్తున్న చోట పౌరుణ్ని సైనిక విచారణకు పెట్టకూడదని కొట్టేసింది. ఆ తీర్పు రాసిన డేవిడ్ డేవిస్ ఎవరు? లింకన్ స్నేహితుడు, లింకనే నియమించిన న్యాయమూర్తి.

వాసంతి: ఆ ఉత్తరం నాకూ నచ్చదు. దాన్ని నేను సమర్థించను.

సూర్యం: ఇక బానిసత్వం. 1858 సెప్టెంబర్ 18న చార్ల్స్‌టన్‌లో ఎన్నికల ప్రత్యర్థి స్టీఫెన్ డగ్లస్‌తో వాదిస్తూ, తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ సాంఘిక, రాజకీయ సమానత్వం తేవాలని తనకు ఏనాడూ లేదన్నాడు. ఓటు వద్దు, జ్యూరీలో చోటు వద్దు, పెళ్లిళ్లు వద్దు. 1862 ఆగస్టు 14న నల్లవాళ్ల ప్రతినిధుల్ని అధ్యక్ష భవనానికి పిలిపించి, మీ జాతి మా మధ్య లేకపోతే ఈ యుద్ధమే ఉండేది కాదు, మధ్య అమెరికాకు వెళ్లిపొండి అన్నాడు. కొరడా దెబ్బలు తిన్నవాళ్ల ముఖం మీదే! ఎనిమిది రోజుల తర్వాత పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీకి బహిరంగంగా రాశాడు. ఒక్క బానిసనూ విడిపించకుండా రాష్ట్రాల ఐక్యతను, అంటే యూనియన్‌ను కాపాడగలిగితే అలాగే చేస్తానని. ఇవన్నీ నీ సంపుటాల్లోవే. ఈయన్ను విమోచకుడంటారా?

వాసంతి: తేదీలు పక్కపక్కన పెట్టుకుని చదువు మావయ్యా. గ్రీలీకి రాసింది ఆగస్టు 22న. బానిసల విమోచన ప్రకటన ముసాయిదా మంత్రివర్గానికి చదివి వినిపించింది జులై 22న, నెల ముందే. ఒక విజయం వచ్చేదాకా ఆగమని విదేశాంగ మంత్రి సీవర్డ్ సలహా ఇచ్చాడు. సెప్టెంబర్ 17న యాంటీటమ్ యుద్ధం, 22న తొలి ప్రకటన.

సూర్యం: అంటే సొరుగులో ఒకటి పెట్టుకుని జనానికి ఇంకొకటి చెప్పాడన్నమాట. నాతో వాదిస్తున్నావా, నాకు సాక్ష్యమిస్తున్నావా?

వాసంతి: జనాన్ని సిద్ధం చేశాడంటాను. ఆ ఉత్తరంలోనే, అందరినీ విడిపించడం వల్ల యూనియన్ దక్కితే అదీ చేస్తాననే మాటుంది. చివర్లో, ఇది నా పదవి ధర్మం, మనుషులంతా ఎక్కడైనా స్వేచ్ఛగా ఉండాలన్న నా సొంత కోరిక మారలేదు అని ఉంది. జనం మొదటి సగం పట్టుకుని వదలరు.

సూర్యం: సొంత కోరిక! 1864 ఏప్రిల్‌లో కెంటకీ పత్రికా సంపాదకుడు హాడ్జెస్‌కు, బానిసత్వం తప్పు కాకపోతే ఇంకేదీ తప్పు కాదు, అలా అనుకోని రోజు నాకు గుర్తు లేదని రాశాడు. మొదటి సంపుటం తియ్. 1841లో ఓహైయో నది మీద పడవలో గొలుసులతో కట్టేసిన పన్నెండు మంది బానిసల్ని చూశాడు. స్నేహితుడు స్పీడ్ సవతి అక్కకు రాస్తూ, పడవలో అందరికంటే సంతోషంగా ఉన్నది వాళ్లేనన్నాడు. పద్నాలుగేళ్ల తర్వాత, రాజకీయాలు మారాక, ఆ స్పీడ్‌కే రాస్తూ ఆ దృశ్యం తనను ఎడతెగకుండా వేధించిందన్నాడు. ఏది నిజం?

వాసంతి: రెండూ ఆయన రాసినవే, రెండూ అచ్చయ్యాయి. 1841 ఉత్తరంలోనే, ఈ మనుషులు తల్లిదండ్రులకూ భార్యాబిడ్డలకూ శాశ్వతంగా దూరమై, కొరడా మరింత క్రూరంగా ఉండే చోటికి పోతున్నారని కూడా ఉంది. కుర్రవాడు చూశాడు, పూర్తిగా బాధపడలేదు. నడివయసులో ఆ జ్ఞాపకమే బాధై కూర్చుంది. నువ్వు దాన్ని అబద్ధమంటావు. మనసు ఎదగడమంటే అదేనంటాను నేను. ఇలాంటివి చదవకుండా మనవాళ్లు లింకన్ అంటే ఏం చదువుతారో తెలుసా? కొడుకు హెడ్మాస్టరుకు రాశాడని చెప్పే ఉత్తరం! ఏ స్కూలు గోడ చూసినా అదే. ఎనిమిది సంపుటాలు గాలించినా అది కనపడదు.

సూర్యం: దాని జోలికి రాకు. నేను నా జూనియర్లందరికీ ఇచ్చిన ఉత్తరం అది. అడ్డదారిలో గెలవడం కన్నా ఓడిపోవడం మేలని అందులో ఉంది. ఎవరు రాస్తేనేం?

వాసంతి: పేరు తీసేసి ఇవ్వు, నాకేం అభ్యంతరం లేదు. లింకన్ రాశాడని ఎందుకు ఇవ్వాలి? ఆయన చెమటోడ్చి రాసినవి పోయి ఎవరో అల్లినవి ఆయన ముఖమై కూర్చున్నాయి.

సూర్యం: నీ సంపుటాలు మాత్రం గంగాజలమా? మిసెస్ బిక్స్‌బీకి 1864 నవంబర్‌లో రాసిన ఓదార్పు ఉత్తరం అందులో ఉందా లేదా? ఐదుగురు కొడుకుల్ని యుద్ధంలో పోగొట్టుకున్నారమ్మా అని రాశారు, నిజానికి యుద్ధరంగంలో చనిపోయింది ఇద్దరే. అసలు రాసింది కార్యదర్శి జాన్ హే అని చాలామంది పండితులు అంటున్నారు.

వాసంతి: ఉంది. దాని మీద వివాదం ఉందని చెప్పే చదివిస్తాను. సంతకం అనుమానమైన ఉత్తరానికీ ఆధారమే లేని ఉత్తరానికీ తేడా లేదంటావా?

సూర్యం: పిల్లవాడికి మేలు చేసే విషయంలో లేదంటాను. సరే, ఇక్కడికి వదిలెయ్. విమోచన సంగతికి రా.

వాసంతి: వస్తాను. నాకు ముఖ్యం అనిపించే కాగితాలు 1863 ఆగస్టు నుంచి 1864 ఆగస్టు మధ్యవి. 1863 ఆగస్టు 26న స్ప్రింగ్‌ఫీల్డ్ సభలో చదవమని స్నేహితుడు కాంక్లింగ్‌కు రాసి పంపాడు. నల్లవాళ్ల కోసం మేం పోరాడం అంటున్నారు మీరు, వాళ్లలో కొందరు మీ కోసం పోరాడుతున్నారు. ప్రాణాలొడ్డుతున్నవాళ్లకు స్వేచ్ఛ ఇస్తామని మాట ఇచ్చాం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి అన్నాడు. రాయడం తేలిక. ఏడాది తిరిగేసరికి పరిస్థితి చూడు. ఉత్తరాది సేనాధిపతి గ్రాంట్ సైన్యం పీటర్స్‌బర్గ్ ముందు ఇరుక్కుపోయింది, దక్షిణాది నగరం అట్లాంటా ఇంకా లొంగలేదు, ఉత్తరాది వీధుల్లో శవాల లెక్కలు తప్ప వేరే మాట లేదు. విమోచన షరతు వదిలేస్తే సంధి కుదురుతుంది, నువ్వు గెలుస్తావని సొంత పార్టీవాళ్లే చెబుతున్నారు. ఓ పత్రిక సంపాదకుడికి మెత్తబడుతున్నట్టు ఒక జవాబు కూడా రాసుకున్నాడు. కానీ పంపలేదు. 1864 ఆగస్టు 19న కలవడానికి వచ్చినవాళ్లతో, ఆ నల్ల సైనికుల్ని తిరిగి యజమానులకు అప్పగిస్తే ఇహంలోనూ పరంలోనూ నాకు నరకమేనన్నాడు. నాలుగు రోజులకు, ఆగస్టు 23న, ఒక కాగితం మీద రాశాడు. ఈ ప్రభుత్వం మళ్లీ గెలవకపోవచ్చు, అలాగైతే ఎన్నికైన అధ్యక్షుడితో సహకరించి, అతను పదవిలోకి వచ్చేలోగా యూనియన్‌ను కాపాడటం నా బాధ్యత. మడతపెట్టి, లోపల ఏముందో చూపకుండా మంత్రులందరి చేతా వెనకవైపు సంతకాలు చేయించాడు. ఓడిపోతానని నమ్మిన మనిషి మావయ్యా! ఎన్నిక ఆపలేదు, ఇచ్చిన మాటా వెనక్కి తీసుకోలేదు. నియంత ఇలా చేస్తాడా? ఆ ఎనిమిది సంపుటాల్లో నేను పిల్లలకు చూపించాలనుకున్నది ఇదే.

సూర్యం: ఆగస్టు 23 కాగితం గట్టిదే, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట ఇప్పించింది ఎవరు? పొలాలొదిలి సైనిక శిబిరాలకు పారిపోయి వచ్చిన బానిసలు. సైన్యంలో చేరిన దాదాపు 1,80,000 మంది నల్లవాళ్లు. ఘటనలే నన్ను నడిపించాయని హాడ్జెస్‌కు ఆయనే రాసుకున్నాడు కదా. జోతీరావు ఫూలే 1873లో గులాంగిరి పుస్తకాన్ని అంకితమిచ్చింది బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు, లింకన్‌కు కాదు. ఫూలేకు తెలిసింది మన స్కూళ్లకు తెలియలేదు. పైగా 1863లోనే నాలుగు వందల యాభై మందికి పైగా నల్లవాళ్లను హైతీ పక్కన ఒక దీవికి పంపారు. రోగాలతో, ఆకలితో చాలామంది చచ్చి, మిగిలినవాళ్లను మరుసటి ఏడాది ఓడ పంపి తెచ్చుకోవాల్సి వచ్చింది.

వాసంతి: ఫూలే ప్రజలకివ్వడం సబబే. ఆ ప్రజల్లో లింకన్ కూడా ఉన్నాడు. బానిసల తెగువ లేకపోతే ప్రకటన రాసే అవసరమే రాదు. ప్రకటన లేకపోతే ఆ తెగువకు చట్టం లేదు, గెలిచాక తిరిగి గొలుసులే. యుద్ధం అయిపోతే ప్రకటన చెల్లుతుందో లేదోనన్న భయంతోనే, బానిసత్వాన్ని రద్దు చేసే పదమూడో రాజ్యాంగ సవరణను పట్టుబట్టి 1865 జనవరి 31న దిగువ సభలో గెలిపించాడు. చార్ల్స్‌టన్‌లో ఓటు వద్దన్నవాడు, 1865 ఏప్రిల్ 11న, బాగా తెలివైన నల్లవాళ్లకూ సైనికులుగా పనిచేసినవాళ్లకూ ఓటిస్తే బాగుంటుందని బహిరంగంగా అన్నాడు. జనంలో నిలబడి బూత్ విన్నాడు, మూడు రోజులకు లింకన్‌ను కాల్చి చంపాడు. బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ 1876లో ఆయన విగ్రహం ముందు నిలబడి, ఈయన ముందుగా తెల్లవాళ్ల అధ్యక్షుడన్నాడు. మా పోరాటం వైపు నుంచి చూస్తే నెమ్మది, చల్లన, ఉదాసీనం. తన దేశపు మనసుతో కొలిస్తే వేగం, పట్టుదల. ఆ రెండు మాటలూ ఒకే నోట వచ్చాయి, నేను రెండూ చెబుతాను.

సూర్యం: మరి మాంకాటో? 1862లో మిన్నెసోటాలో డకోటా ఆదివాసుల తిరుగుబాటు తర్వాత సైనిక కమిషన్ 303 మందికి ఉరిశిక్ష వేసింది. కొన్ని విచారణలు నిమిషాల్లో ముగిశాయి, లాయరు లేడు. డిసెంబర్ 6న లింకన్ తన చేత్తో 39 పేర్లు రాసి ఉరితీయమన్నాడు. 26న మాంకాటోలో 38 మందిని ఒకే వేదిక మీద ఉరి తీశారు.

వాసంతి: రికార్డులు తెప్పించి చదివించి తక్కిన వాళ్లను ఆపింది ఆయనే. గవర్నరు, సైన్యాధికారులు అందర్నీ ఉరితీయమని పట్టుబట్టిన రోజులవి. కానీ ఆ విచారణలు న్యాయమని నేననలేను. లాయరు లేని మనిషికి ఉరి.

సూర్యం: అది ఏ సంపుటం?

వాసంతి: ఐదు. డిసెంబర్ 6 ఉత్తర్వు, ఆరో సంపుటంలో జనవరి 1 విమోచన ప్రకటన, రెండూ ఒకే వారం చదివిస్తాను. మధ్యలో ఇరవయ్యారు రోజులే.

సూర్యం: కార్నింగ్ ఉత్తరం కూడా పెట్టు. దాని పక్కన మిలిగన్ తీర్పు పెట్టకపోతే ఒప్పుకోను.

వాసంతి: పెడతాను. మిలిగన్ మాత్రం నువ్వే వచ్చి చెప్పాలి.