రాకుమారిని ఎవరి చేతిలో పెట్టాలి?

రాక్షసుడి బారిన పడిన అమ్మాయిని విడిపించే పని ఎవరికి అప్పగించాలన్నది ఆడపిల్లల తండ్రులు తీరిగ్గా ఆలోచించుకోవాల్సిన విషయం. ప్రస్తుతానికి చేతిలో రెండు సంబంధాలున్నాయి. రెండూ జపాన్‌లోని నింటెండో అనే వీడియో గేముల కంపెనీ వారింటివే.

మొదటివాడు మారియో. వృత్తి ప్లంబింగ్. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆటలో గెంతుళ్లే అనుభవం. బుద్ధిమంతుడు, కుడివైపు తప్ప చూడడు. ఎడమకు తిరిగినా దాటొచ్చిన దారి మళ్లీ తెరమీదికి రాదు. మన ఇంటర్ హాస్టళ్లలో కూడా ఇంత క్రమశిక్షణ లేదు. నెత్తిమీద గడియారం 400 దగ్గరో 300 దగ్గరో మొదలై సెకన్ల కంటే గబగబా తరిగిపోతుంది, సున్నా అయిందా ప్రాణం పోయినట్టే. పుట్టగొడుగు దొరికితే కడగడు, ఉడికించడు. పచ్చిదే మింగి, అంతెత్తు పెరిగి, పరుగు. ఏడు కోటలు గెలిస్తే ఏడుసార్లూ "మన రాకుమారి ఇంకో కోటలో ఉంది" అంటారు. పాసుపుస్తకం కోసం తిరిగిన రైతుకు తప్ప ఆ బాధ తెలీదు. మారియో పల్లెత్తు మాట అనడు. ఎనిమిదో కోటలో దొరికిన ఆవిడ థాంక్స్ చెప్పి, వెంటనే ఇంకో కొత్త గండం చేతిలో పెడుతుంది. అయినా అనడు.

రెండోవాడు లింక్. 2017 నాటి 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' ఆటలో హైరూల్ రాజ్యమంతా ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చు. దీన్ని ఓపెన్ వరల్డ్ అంటారట. మా ఊళ్లో బలాదూర్ అనేవాళ్లం. అక్కడ కోటలో జెల్డా రాకుమారి గానన్ అనే పీడను ఒంటరిగా అదిమిపట్టి నూరేళ్లయింది. ఇక్కడ మా మేనల్లుడు లింక్ చేత కుండ ముందు నిలబడి పుట్టగొడుగులు వేయిస్తున్నాడు.

"ఒరేయ్, ఆ పిల్ల అక్కడ..."

"ఆవిడెక్కడికీ పోదు మామయ్యా. వానగా ఉంది, కొండెక్కితే జారుతుంది."

వాన తగ్గాక కోటకెళ్లాడా? రాళ్లెత్తి విత్తనాలు ఏరాడు. అలాంటివి 900 ఉన్నాయి. అన్నీ ఏరినవాడికి దక్కే బహుమానం, చూడ్డానికి, బంగారు పేడకడి.

ఇక అమ్మాయి తండ్రి సంగతి. రాజుగారు చచ్చి, ఆత్మై, ముసలాయన వేషంలో అక్కడే తిరుగుతున్నారు. ఒక్క గుడిలో నిధి తెస్తే ఎగిరే తెరచాప ఇస్తానన్నవాడు, తెచ్చాక ఇంకో మూడన్నాడు. పోనీ కూతురి బెంగేమో అని ఆయన గుడిసెలో డైరీ తిరగేశాం. మాంసం, చేప వేసి కారంగా చేసే వేపుడులో మూడో సరుకేమిటో గుర్తురావడం లేదని రాసుకున్నారు. మిరపకాయే. వండిపెడితే చలికోటు ఇచ్చారు.