ఫోన్ ఉండగా ఇంకోటి ఎందుకట!

"చేతిలో అంత ఫోన్ పెట్టుకుని సైకిల్‌కు మళ్లీ వేరే కంప్యూటర్ ఎందుకన్నా?" నల్లగొండలో ఎవరిని కదిపినా ఇదే మాట. స్పీడు, దూరం, దారి చూపించడానికి హ్యాండిల్‌కు బిగించే చిన్న డబ్బా, సైకిల్ కంప్యూటర్ గురించే ఈ గోల. ఎందుకా? ఏప్రిల్ ఎండలో హ్యాండిల్‌కు ఫోన్ బిగించుకుని ఒక్కసారి సాగర్ రోడ్డు మీద తొక్కి చూడండి. వేడెక్కి తనంతట తానే వెలుతురు తగ్గించుకుంటుంది, స్పీడు ఎంతో చూద్దామంటే తెర మీద మన మొహమే కనిపిస్తుంది, చెమట వేలితో ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే లోన్ కావాలా సార్ అని కాల్!

జేబులో పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకుంటే బ్యాటరీ ఆదా పేరుతో తొక్కిన దారిని వెనకాల నమోదు చేసే యాప్‌ను ఫోనే మూసేస్తుంది. ఒళ్లు హూనం చేసుకుని సాగర్ దాకా తొక్కితే, మ్యాప్‌లో గీత హాలియా దగ్గరే ఆగిపోయి ఉంటుంది. కడుపు మండదా? మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురుకు ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని యాపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది, మరి మన గుంతల రోడ్ల మీద ఫోన్‌ను హ్యాండిల్‌కు కట్టడానికి ధైర్యం ఎక్కడిది?

సైకిల్ కంప్యూటర్‌కు ఈ బాధల్లేవు. ఎండ పడితే ఇంకా బాగా కనిపించే తెరలు, తడి చేత్తోనూ పనిచేసే బటన్లు, పొద్దంతా తొక్కినా మిగిలే ఛార్జింగ్. కానీ ఆ ధరలేంటి? అరచేతిలో పట్టే డబ్బా, మంచిది కావాలంటే మామూలు సైకిల్ కంటే ఎక్కువ రేటు! కొందామన్నా మన ఊళ్లో చేత్తో పట్టుకుని చూసే షాపు ఏది? ఫొటో చూసి అన్ని వేలు ఎలా పోస్తాం?