లెక్క చదవని గ్రామసభ ఎవరి కోసం?

గ్రామసభ అంటే మన ఊళ్లలో జనానికి గుర్తొచ్చేది జాబితా. రేషన్ కార్డు వచ్చిందా, ఇల్లు వచ్చిందా, లిస్టులో మన పేరుందా? 2025 జనవరిలో తెలంగాణలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల కోసం సభలు పెట్టినప్పుడు చూశాం కదా. పేరు రానివాళ్లు అధికారులను నిలదీశారు, చాలాచోట్ల టెంటు కిందే గొడవలయ్యాయి. జనానికి సభలంటే విసుగు లేదని అప్పుడే తేలింది. మరి పంచాయతీ ఖర్చుల సంగతి మాట్లాడే రోజు అదే జనం ఎందుకు రారు? ఆ రోజు వాళ్ల ముందు చదివేది ఏమీ ఉండదు కాబట్టి.

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, వాటికి అప్పగించాల్సిన 29 అంశాలు, నిధులు-విధులు అనే పాట అందరికీ తెలిసిందే. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2.36 లక్షల కోట్ల రూపాయలకు పైగా ఇమ్మంది. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు. మిగిలిన దాని మీద రాష్ట్రాల కన్ను. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో కరెంటు బకాయిల పేరుతో ప్రభుత్వం ఆ సొమ్ము మళ్లించుకుంటే సర్పంచులు రోడ్డెక్కారు. తెలంగాణలో పల్లె ప్రగతి పథకం కింద ఊరూరా ఒకే నమూనా: ట్రాక్టరు, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ప్రకృతి వనం. శ్మశానం వద్దని ఎవరంటారు? కానీ మురుగుకాలువ ముందా, వనం ముందా అని ఊరినడిగిన పాపాన ఎవరూ పోలేదు. అప్పులు తెచ్చి ఆ పనులు చేసిన సర్పంచులు పదవి దిగాక బిల్లుల కోసం కాళ్లరిగేలా తిరిగారు.

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఘనకార్యమే, కాదనను. అయితే రాబోయే పనులకు చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. పోయినేడు డబ్బు ఏమైందో చెప్పడం దగ్గరే నోళ్లు పెగలవు.

విచిత్రం ఏమిటంటే, ఊరి డబ్బును ఊరి ముందు చదవడం దేశానికి పెద్దఎత్తున చేసి చూపించింది మన తెలుగువాళ్లే. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని ఉమ్మడి రాష్ట్రం 2006లోనే మొదలుపెట్టి, 2009లో దానికోసం ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసింది. కూలీల ఇళ్లలోంచే చదువుకున్న పిల్లలను తీసుకుని తర్ఫీదిచ్చారు. వాళ్లు మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) కాపీలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. ఇన్ని రోజులు నీ పేరు మీద రాశారు, పనికి పోయావా, డబ్బు చేతికొచ్చిందా అని అడిగారు. టేపు పట్టి గుంతలు కొలిచారు. ఆ తర్వాత మండల కేంద్రంలో షామియానా వేసి, అధికారులను కూర్చోబెట్టి, మైకులో చదివారు. చచ్చిపోయినవాళ్లు మట్టి తవ్వినట్టు మస్టర్లో ఉంటే, వాళ్ల కొడుకే లేచి నిలబడి మా నాయన పోయి ఇన్నేళ్లయింది సార్ అన్నాక ఇంక ఏ ఫీల్డ్ అసిస్టెంటు బుకాయిస్తాడు? తిన్న డబ్బు అక్కడే కక్కిన సందర్భాలున్నాయి. రికవరీ కావాల్సిన సొమ్ములో చాలా భాగం తర్వాత వసూలు కాలేదు, అది నిజం. అది తనిఖీ చేసినవాళ్ల తప్పు కాదు, ఫైలు మీద కూర్చున్నవాళ్ల తప్పు.

మరి అదే ఊళ్లో కూలి డబ్బుకు మైకు పెట్టినవాళ్లు సిమెంటు రోడ్డు డబ్బుకు ఎందుకు పెట్టరు? కూలి దొంగలు చిన్నవాళ్లు. రోడ్డు దగ్గర మాత్రం కాంట్రాక్టరు ఎమ్మెల్యే మనిషి అయి ఉంటాడు.

ఊరి చేతికి డబ్బు విషయం ఇస్తే పెద్ద కులాల పెత్తనమే నడుస్తుందని కొందరి భయం. నిజామాబాద్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీలను చూపిస్తారు. బెల్టుషాపులను వేలం వేయడం, జరిమానాలు, మాట వినని కుటుంబాలను వెలివేయడం, పోలీసు కేసులు... అన్నీ నిజమే. అయితే ఆ కమిటీలకు చట్టం లేదు, ఆడిట్ లేదు, అడిగే హక్కు ఎవరికీ లేదు. గ్రామసభను ఖాళీ చేసి పెట్టాం, ఆ చోటులో అవి మొలిచాయి. వరంగల్ జిల్లా గంగదేవిపల్లి కూడా కమిటీల ఊరే. తాగునీటికొకటి, పారిశుద్ధ్యానికొకటి ఇలా పనికో కమిటీ, ఇంటి పన్ను నూరు శాతం వసూలు. కమిటీ అన్నంత మాత్రాన అన్నీ ఒక్కటి కావు.

నాకు అసలు ఒళ్లు మండేది ఏకగ్రీవాల దగ్గర. సర్పంచ్ పదవిని వేలం వేసి, ఎక్కువ పాడినవాడి డబ్బుతో గుడి కట్టుకునే ఊళ్లున్నాయి. గుడి లెక్క పైసాతో సహా ఊరికి తెలుస్తుంది. పదవి కొన్నవాడు ఆ లక్షలు ఎక్కడినుంచి రాబట్టుకుంటాడో మాత్రం ఎవరూ అడగరు. దీనికి తోడు ఏకగ్రీవమైతే ప్రోత్సాహకం ఇస్తామని ప్రభుత్వాలే ఊరిస్తాయి. పోటీ లేకపోతే డబ్బిస్తామనడం, ప్రశ్న లేకపోతే బహుమతి ఇస్తామన్నట్టే కదా. ఆ డబ్బేదో లెక్కలు చదివిన ఊళ్లకు ఇవ్వొచ్చుగా?

2025 డిసెంబర్‌లో గెలిచిన తెలంగాణ సర్పంచులకు 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటోంది. దానికి ఒక్క నిబంధన కలపండి చాలు. గత రెండు నెలల ఓచర్లు, అంటే ఖర్చు చీటీలు, సభలో చదివినట్టు ఊరివాళ్ల సంతకాలు లేకపోతే ట్రెజరీలో తర్వాతి చెక్కు కదలకూడదు. ఆంధ్రలోనూ అంతే. ఓచర్లు ఎలాగూ పంచాయతీ లెక్కల వెబ్‌సైటు ఈ-గ్రామ స్వరాజ్‌లో ఎక్కుతున్నాయి, కార్యదర్శి ప్రింటు తీయాలి, అంతే. చదివే పని మహిళా సంఘాలకు ఇవ్వండి. పొదుపు పుస్తకాల్లో రూపాయి తేడా పట్టేవాళ్లకు, వేయని బ్లీచింగ్ పౌడరుకు బిల్లు ఎలా అయిందో అడగడం ఎవరూ నేర్పక్కర్లేదు.