క్రెడిట్ స్కోర్ ఒక్కటే చూడరండి

క్రెడిట్ స్కోర్ బాగుంటే అమెరికాలో చెకింగ్ అకౌంట్ (జీతం పడే, రోజూ వాడుకునే బ్యాంకు అకౌంట్) ఇచ్చేస్తారని ఆర్టికల్‌లో రాశారు, అది సగమే నిజం అండి. చాలా బ్యాంకులు చూసేది చెక్స్‌సిస్టమ్స్ రిపోర్టు, అంటే పాత బ్యాంకు అకౌంట్లలో మిగిలిన బాకీలు, బ్యాంకే క్లోజ్ చేసిన అకౌంట్లు లాంటివి రాసిపెట్టే సంస్థ ఇచ్చే రిపోర్టు. మా పిన్ని కొడుకు ఎమ్మెస్ అయ్యాక వేరే స్టేట్‌కి వెళ్లిపోయాడు, పాత అకౌంట్‌లో నెలనెలా ఫీజు కట్ అయ్యి మైనస్‌లోకి పోయింది, బ్యాంకు వాళ్లే క్లోజ్ చేసి ఆ రిపోర్టులో ఎక్కించేశారు, కొత్త జాబ్‌లో జీతం వేయించుకోడానికి అకౌంట్ దొరక్క పాపం ఎంత తిరిగాడో. ఆ రికార్డు మామూలుగా 5 ఏళ్లు ఉంటుంది. ఏడాదికోసారి రిపోర్టు ఫ్రీగా ఇస్తారు, ముందు అది తెప్పించుకోండి, తప్పుంటే డిస్ప్యూట్ వేయండి, బాకీ నిజమే అయితే కట్టేసి లెటర్ తీసుకోండి, రికార్డులో కట్టినట్టు మార్పించండి. ఈలోపు బ్యాంకుల్లో "బ్యాంక్ ఆన్" (Bank On) సర్టిఫైడ్ అకౌంట్, అంటే తక్కువ ఖర్చుతో అందరికీ అందేలా ఉందని సర్టిఫై చేసిన అకౌంట్, ఉందా అని అడగండి, ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు ఉండదు, 25 డాలర్లు లేదా ఇంకా తక్కువతోనే ఓపెన్ చేయొచ్చు.