గేటుకు సొట్ట ఎట్ల పడిందని అడిగినోళ్ళందరికీ

మా ఇంటి గేటు కింది రేకుకు సొట్ట పడి మూడు వారాలైంది. పాలు పోసే ఆయన మొదలుకొని వీధి కొసన ఉండే రిటైర్డ్ మాస్టారు దాకా అడగనోళ్ళు లేరు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తాండా. పొడుగైతాది, ఓపికుంటే చదవండి. లేకుంటే ఒక్క మాట విని పోండి: పాత కారుకు బీగంచెవి తీసేసి స్టార్ట్ బటన్ పెట్టించుకోవాలని మీకు బుద్ధి పుట్టుంటే, ఆ డబ్బులు తీసుకుపోయి టైర్లకు పెట్టుకోండి.

మాది 2008 స్విఫ్ట్, పెట్రోలు బండి. ఇన్నేళ్ళలో నన్ను నడిరోడ్డు మీద వదిలేసింది లేదు. దానికి బటన్ కావాలని అది అడగలేదు, అడిగింది మా అన్న కొడుకు. వాడికి బెంగళూరులో ఉద్యోగం. పోయిన దసరాకు కొత్త కియా సెల్టోస్ కారు వేసుకొని అనంతపురం దిగినాడు. జేబులో చెయ్యి పెట్టకుండానే డోరు తెరిచి, బ్రేకు తొక్కి బటన్ నొక్కి, "చిన్నాయనా, నువ్వింకా బీగం తిప్పుతానే ఉండావా?" అన్నాడు. మా ఆవిడ ముందరే అన్నాడు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి ఆ కార్లు దిగుతానే ఉండాయి, రోజూ హైవే మీద చూస్తానే ఉండా. ఏ పొద్దూ మనసుకు గుచ్చుకోలేదు. ఆ పొద్దు గుచ్చుకుంది.

టౌన్లో ఒక షాపులో అడిగితే కిట్టూ బిగింపూ కలిపి 7,500 అన్నారు. బటన్ ఒకటే అయితే నేను పడేవాణ్ణి కాదేమో. షాపాయన అసలు గాలం తర్వాత వేసినాడు: "రిమోట్ స్టార్ట్ కూడా ఉంది సార్. ఎండాకాలం ఇంట్లోంచే స్టార్ట్ చేసి ఏసీ ఆన్‌లో పెట్టుకోవచ్చు." మన ఊర్లో మే నెల మధ్యాహ్నం స్టీరింగ్ పట్టుకున్నోళ్ళకు ఆ మాట ఎట్ల వినపడుతుందో వేరే చెప్పాల్నా? అడ్వాన్సు అక్కడే ఇచ్చేసినా.

ఇంక గేటు సంగతి. మా గేటు ముందర ర్యాంపు ఎత్తుగా ఉంటాది. కారు మొహం గేటు వైపు పెట్టి, ఫస్ట్ గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు ఇంత లాగి దిగడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఎత్తులో ఆపితే గేరులో పెట్టాలని డ్రైవింగ్ నేర్పినాయనే చెప్పింటాడు. కిట్టు బిగించినాక ఒక పొద్దు పొద్దున్నే వరండాలో నిలబడి, కాఫీ గ్లాసు ఒక చేతిలో పట్టుకొని, రిమోట్ నొక్కినా. సెల్ఫ్ తిరిగింది. దాంతోపాటు కారూ కదిలింది. ముందుకు ఒక్క గెంతు గెంతి గేటును గుద్ది ఆగిపోయింది. గేటుకు ఇవతల, పది అడుగుల దూరంలో మా అమ్మ తులసికోటకు నీళ్ళు పోస్తాంది. చెంబు కింద పడిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. ఎత్తు కాబట్టి, గేటు గట్టిది కాబట్టి ఇంజను ఆగిపోయింది. వాలు అటు కాకుండా ఇటుంటే ఏమయ్యేదో నేను రాయను.

తప్పు నాదేనంట. షాపాయన మాట ఇది: "న్యూట్రల్‌లో పెట్టుకోవాల కదా సార్." సరే, పెట్టుకోవాల్సిందే. కానీ గేరు ఏ స్థానంలో ఉందో ఆ కిట్టు డబ్బాకు తెలిసే దారే లేదని నాకెవరు చెప్పినారు? ఆటోమేటిక్ కారులో లివరు పార్కులోనో న్యూట్రల్‌లోనో లేకుంటే సెల్ఫ్‌కు కరెంటు పోదు. మాన్యువల్ కారుకు కంపెనీవాళ్ళే బటన్ ఇస్తే, క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతాది. నా కిట్టులోనూ హ్యాండ్ బ్రేకుకు ఒక వైరు, క్లచ్‌కు ఒక వైరు ఉండాయి. తర్వాత విప్పి చూస్తే రెండూ కలిపి బాడీకి ఎర్త్ చేసి టేపు చుట్టినారు. అంటే "క్లచ్ తొక్కినాడు, బ్రేకు వేసినాడు" అని డబ్బాకు ఎల్లకాలం చెప్తానే ఉండాయి. క్లచ్ స్విచ్ బిగించాలంటే ఇంకో గంట పని, అందుకే.

విప్పి చూసినా అన్నా కదా, అది చెప్పాల. స్టీరింగ్ కింది ప్యానెల్ నాలుగు స్క్రూలు తీసి టార్చి కొడితే, ఒక నల్ల టేపు ఉండ కనపడింది. కత్తితో కోసినా. లోపల నా రెండో బీగంచెవి తల! లోహపు భాగం కోసేసి, ప్లాస్టిక్ తల మటుకు ఒక రాగి చుట్టలో పెట్టి కట్టినారు. ఎందుకంటే ఆ తలలో ఒక చిన్న చిప్పు ఉంటాది. దానికి బ్యాటరీ ఉండదు. బీగం చుట్టూ ఉండే రింగు నుంచే కరెంటు అందుకొని తన కోడ్ చెప్తాది. కోడ్ సరిపోతేనే ఇంజను కంప్యూటరు స్టార్ట్ కానిస్తాది. మారుతిలో దీన్నే ఐకాట్స్ అంటారు. కిట్టు పనిచేయాలంటే ఆ చిప్పు ఎప్పుడూ కారులోనే ఉండాల. అంటే ఇంటి బీగంచెవిని గడప కింద పెట్టి, దొంగ చూడడులే అని నిద్రపోయినట్లు.

స్టీరింగ్ లాక్ కూడా పోయింది. బీగంచెవి బయటికి తీస్తే స్టీరింగ్‌కు అడ్డం పడే పిన్ను ఉంటాది కదా, అది ఉంటే బటన్‌తో నడిపేటప్పుడు ప్రమాదమని తీసేసినారు. ఆ ఒక్క పని మటుకు తెలివిగానే చేసినారు, ఎనభై స్పీడులో స్టీరింగ్ బిగుసుకుంటే నేనీ పోస్ట్ రాసేవాణ్ణి కాదు. కానీ లెక్క చూడండి. 7,500 ఇచ్చి నేను కొన్నది ఒక బటన్. పోగొట్టుకున్నది స్టీరింగ్ లాకు, చిప్పు కాపలా, రెండో బీగంచెవి. కారు దొంగతనమైతే ఇన్సూరెన్సోళ్ళు మొదట అడిగేది ఒరిజినల్ బీగంచెవులు రెండూ తెమ్మనే. నేను వాళ్ళ ముందర ఒక బీగంచెవి, ఒక టేపు ఉండ పెట్టాల.

"కంపెనీ బటన్ కార్లు మాత్రం దొంగలు ఎత్తుకపోలేదా?" అని మా అన్న కొడుకు వాదించినాడు. పోయినాయి. కారు సన్నగా 125 కిలోహెర్ట్‌జ్ రేడియో సిగ్నల్‌లో "ఉండావా?" అని అడుగుతాది, జేబులో రిమోట్ 433 మెగాహెర్ట్‌జ్ లాంటి దాంట్లో "ఉండా" అంటాది. మధ్యలో ఇద్దరు దొంగలు నిలబడి ఆ మాటను దూరం మోస్తే చాలు. 2011లోనే స్విట్జర్లాండులో జ్యూరిక్ ఈటీహెచ్ యూనివర్సిటీ వాళ్ళు ఎనిమిది కంపెనీల పది మోడళ్ళ మీద ఇది చేసి చూపించినారు. అంత పెద్ద కంపెనీల తెలివే అట్లుంటే, ఏ ఊర్లో తయారైందో పేరు కూడా లేని నా డబ్బా సంగతేంది? కనీసం వాళ్ళ కార్లు గేరులో ఉండగా గేట్లను గుద్దలేదు.

బ్యాటరీ కథ తొందరగా చెప్పేస్తా. ఇరవై రోజులు బెంగళూరు పోయొచ్చేసరికి కారు చచ్చి పడుంది. మీటరు పెట్టి చూస్తే ఆపేసిన కారులో 60 మిల్లీ ఆంపియర్లు తాగుతాంది. రోజుకు దాదాపు ఒకటిన్నర ఆంపియర్ అవర్, ఇరవై రోజులకు 29. నా బ్యాటరీయే 35. మామూలుగా అయితే ఇద్దరు పిల్లోళ్ళను పిలిచి తోయిస్తే సెకండ్ గేరులో అందుకునేది. ఇప్పుడు డబ్బాకే ప్రాణం లేదు కాబట్టి తోసినా లాభం లేదు. తోసిన పిల్లోళ్ళకు బజ్జీలు, ఉగ్గాణి ఖర్చు అదనం.

నేను పాతకాలపోణ్ణని అనుకోవద్దండి. బటన్ ఏమన్నా కొత్తదా? రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులకు సెల్ఫ్ కాలితోనే నొక్కేవాళ్ళు. డోర్లకు రిమోట్ లాక్ నాకిప్పటికీ ఇష్టమే, అది అట్లే ఉంచుకున్నా. చేతిలో కూరగాయల సంచులు ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తాది. అది చెడిపోతే బీగంచెవితో తెరుచుకుంటా, ఇంజను జోలికి రాదు. మీరు కచ్చితంగా బటనే కావాలంటే, ముందర క్లచ్ స్విచ్ ఎక్కడ బిగిస్తావో చూపించమనండి. "అవసరం లేదు సార్" అంటే లేచి వచ్చేయండి.

పోయిన ఆదివారం వేరే ఎలక్ట్రీషియన్‌తో మొత్తం పీకించినా. వైర్లు అతికించి, పిన్నుతో సహా బీగం అసెంబ్లీ కొత్తది వేసి, చిప్పు తలకు కొత్త చెవి కట్ చేయించేసరికి కిట్టుకు పెట్టినంత ఖర్చయింది. డ్యాష్‌బోర్డులో బటన్ కోసం కోసిన గుండ్రటి బొక్క మటుకు అట్లే మిగిలిపోయింది. దాంట్లో నిమ్మకాయ సరిగ్గా పడుతుందని మా ఆవిడ శుక్రవారం కనుక్కుంది.