ఆ చంద్రుడు సోసెకిది కాదు

పౌర్ణమి వచ్చిందంటే చాలు, ఆ పోస్టు నా ఫోన్లోకి వచ్చి తీరుతుంది. ఈసారి రెండు వాట్సాప్ గ్రూపుల్లోనే కాదు, మా మేనత్త స్టేటస్‌లో కూడా చూశాను. కథ ఇదీ: జపాన్ నవలాకారుడు నాట్సుమె సోసెకి ఇంగ్లిష్ పాఠాలు చెప్పే రోజుల్లో ఒక కుర్రాడు 'ఐ లవ్యూ'ని 'నేను నిన్ను ప్రేమిస్తున్నాను' అని అనువదించాడట. సోసెకి ఒప్పుకోక, 'జపాన్ వాళ్లు అలా మాట్లాడరు, ఈ రాత్రి చంద్రుడు అందంగా ఉన్నాడు కదా అని రాయి, చాలు' అన్నాడట. కింద ఒక తోక: ఆయన జీవితంలో ప్రేమని నోరు విప్పి చెప్పలేదు, అందుకే జపాన్ ఆయన్ని నోటు మీదకి ఎక్కించింది.

చదవడానికి హాయిగానే ఉంది. ముక్క ముక్కగా చూద్దాం.

"ఆయన ఇంగ్లిష్ మాస్టారు." ఇది నిజం. 1893లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ సాహిత్యం చదువు పూర్తయింది. 1895లో మత్సుయామాలో బడిపంతులు, మరుసటి ఏడాది కుమమోతోలో. 1900లో ప్రభుత్వం లండన్ పంపింది. తిరిగొచ్చాక 1903 నుంచి తను చదివిన యూనివర్సిటీలోనే పాఠాలు. 1907లో అంత గౌరవమైన ఉద్యోగం వదిలేసి, ఆసాహి పత్రికలో నవలలు రాసే జీతగాడిగా చేరాడు. లండన్ రెండేళ్లు తీసేసినా, ఆ మాట అనడానికి దాదాపు పదేళ్ల క్లాసులు దొరికాయన్నమాట.

"ఆయనే అన్నాడు." ఎక్కడ? నవలలు, వ్యాసాలు, ఉపన్యాసాలు, డైరీలు, ఉత్తరాలు అన్నీ సంపుటాలుగా అచ్చయి ఉన్నాయి. వాటిలో ఈ మాట లేదు. పోనీ శిష్యులు విన్నారా? ప్రతి గురువారం ఆయన ఇంట్లో శిష్యుల సభ జరిగేది, చివరి రోజుల్లో, తర్వాత పెద్ద కథకుడైన అకుతగావా కూడా కుర్రవాడిగా వచ్చేవాడు. వీళ్లంతా గురువు తుమ్మినా దగ్గినా రాసిపెట్టిన రకం. వెతికినవాళ్లకి అక్కడా దొరకలేదు. సోసెకి 1916 డిసెంబరు 9న, 49 ఏళ్లకి, కడుపు పుండ్ల జబ్బుతో పోయాడు. ఈ కథ అచ్చులో కనిపించడం మొదలైంది 1970లలో. అరవై ఏళ్లు ఎవరికీ గుర్తురానిది అప్పుడు గుర్తొచ్చిందా?

ఇంకో తమాషా. ఆ తొలి రూపాల్లో చంద్రుడు 'అందంగా' కాదు, 'ఎంతో నీలంగా' ఉన్నాడు. సరిగ్గా ఆ మాటలతోనే మొదలయ్యే ఒక పాట 1955లో జపాన్‌ని ఊపేసింది. పాటలోని చంద్రుడు మాస్టారి నోట్లోకి వచ్చి పడ్డాడేమోనని నా అనుమానం. అనుమానమే, రుజువు లేదు.

ఈ కథకి ఒక తోడబుట్టింది కూడా తిరుగుతోంది: ఫుతాబతెయ్ షిమెయ్ అనే జపాన్ రచయిత 'ఐ లవ్యూ'ని 'చచ్చిపోయినా ఫరవాలేదు' అని అనువదించాడని. ఆ మాట ఆయన అనువాదంలో నిజంగానే ఉంది. కానీ మూలం తుర్గేనెవ్ రష్యన్ కథ, అక్కడ అమ్మాయి అనేది 'నేను మీదాన్ని' అని. ఐ లవ్యూ అక్కడ లేనే లేదు.

"నోటు మీద వేశారు." వేశారు. 1984లో వెయ్యి యెన్ల నోటు మీద, మొదటి ప్రధానమంత్రి ఇతో హిరోబుమి బొమ్మ తీసేసి. అది నవలాకారుడికిచ్చిన గౌరవం. 2004లో ఆయన్నీ మార్చి ఒక సూక్ష్మజీవుల శాస్త్రవేత్తని పెట్టారు. దీనికీ ప్రేమకీ సంబంధం లేదు.

ఇక "ప్రేమని నోరు విప్పి చెప్పలేదు." అసలు తప్పు ఇదే. 1901 ఫిబ్రవరిలో లండన్ నుంచి భార్య క్యోకోకి రాసిన ఉత్తరంలో, నాలాంటి మనసులేని వాడికి కూడా నీ మీద తెగ బెంగగా ఉంది అన్నాడు. ఆయన వాడిన మాట 'కోయిషీ', దూరంగా ఉన్న మనిషి మీద కలిగే ప్రేమ, బెంగ రెండూ అందులో ఉన్నాయి. చంద్రుడు, మబ్బు ఏమీ లేవు. అలాగని ఆదర్శ భర్త అనుకునేరు. లండన్‌లో మనసు చెదిరి, తిరిగొచ్చాక ఆయన కోపాలు భరించలేనంతగా ఉంటే, 1903లో క్యోకో పిల్లల్ని తీసుకుని రెండు నెలలు పుట్టింట్లో ఉండాల్సి వచ్చింది.

అనువాదం గురించీ ఆయన నవ్వుతూ రాశాడు. 1908 నాటి నవల 'సన్‌షిరో'లో, జాలి ప్రేమకి చుట్టం అనే ఇంగ్లిష్ వాక్యాన్ని యోజిరో అనే వాగుడుకాయ వీధిపాట బాణీలో తిప్పుతాడు. మన భాషలో చెప్పాలంటే, 'జాలి పడ్డావంటే మనసు పడ్డట్టేగా' అన్నట్టు. పక్కనున్న ప్రొఫెసర్ హిరోతా ఛీ ఛీ, పరమ నీచంగా ఉంది అని మొహం చిట్లిస్తాడు. ప్రేమ వాక్యాన్ని సోకుగా తిప్పేవాళ్లని చూసి నవ్విన రచయితకే మనం ఒక సోకు అనువాదం అంటగట్టాం. అదీ తెలుగులో చెడగొట్టి. వెన్నెల ఎంత బాగుందో అంటాం గానీ చంద్రుడు అందంగా ఉన్నాడని మనలో ఎవరంటారు?

ఆ మరుసటి ఏడాది ఆయన నవల 'సొరెకర' వచ్చింది. అందులో దైసుకె, స్నేహితుడి భార్య మిచియోని ఇంటికి పిలుస్తాడు. గది నిండా తెల్ల లిల్లీలు, బయట ఎడతెగని వాన. డొంకతిరుగుడు లేకుండా చెప్పేస్తాడు: నేను బతికుండాలంటే నువ్వు కావాలి, ఎలాగైనా కావాలి. ఆమె కరిగిపోదు. ఏడుస్తూ, మరి అప్పుడెందుకు వదిలేశారని అడుగుతుంది.

మా అత్తకి ఈ ఘట్టం చెప్పాను. స్టేటస్ తీయలేదు గానీ, "అతను ఏమని జవాబిచ్చాడ్రా?" అని రెండుసార్లు ఫోన్ చేసింది.